ప్లే డే ఎవరిది? బొగ్గుబాయిల ఊర్లో ఆటమైదాన్ తారీఖ్

మన బొగ్గుబాయిల ఇలాఖాలో ఒక లఫ్జ్ ఉంది. గోదావరిఖనిలో పుట్టిన ఏ పిల్లవాడిని అడిగినా చెప్తడు. ఇతవారం డ్యూటీని ఇక్కడ ‘ప్లే డే’ అంటరు. "అబ్బా ప్లే డేకు పోయిండు" అంటే, ఛుట్టీ రోజున కూడా బాయి దిగిండు అని అర్థం. ఆ రోజు హాజిరి పడితే డబుల్ తన్ఖా. అందుకే ప్లే డే ఎవరికి ఇచ్చిన్రు, ఎవరికి ఇవ్వలేదు అని సంఘాల ఆఫీసుల్లో లొల్లి అయ్యేది. ఆట రోజు అని పేరు, ఆ రోజు ఆడేవాడే లేడు. ఈ తమాషా గురించి శానా రోజుల నుంచి రాయాలనుకుంటున్న.

ఇంగ్లిస్తాన్ బొగ్గు ఇలాఖాల్లో బాయి బందైన రోజును ‘బాయి ఆడుతున్నది’ అనేటోళ్లు. యార్క్‌షైర్ మజ్దూర్లు పనికి పోని రోజును తమ బోలీలో ‘లేకింగ్’ అనేవాళ్లు, దాని అర్థం కూడా ఆడుకోవడమే. మన సింగరేణి కథ మొదలైంది లండన్ కంపెనీతో. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర సింగరేణి గ్రామం పక్కన బొగ్గు ఉందని కనిపెట్టిండు. 1886లో ఇంగ్లండ్‌లో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వుకునే హక్కు తీసుకుంది. 1889లో తవ్వకం షురువైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీగా పేరు మారింది. ఇప్పటికీ ఆ తారీఖునే సింగరేణి డే చేసుకుంటరు. 1945లో నిజాం సర్కార్ మెజారిటీ వాటాలు కొన్నది. కాబట్టి దొరల నోటి మాటే ఆఫీసు రిజిస్టర్లలోకి, అక్కడి నుంచి మన అమ్మీల నోళ్లలోకి వచ్చిందని నా అంచనా.

దానికి బదులుగా మన జబాన్ కూడా బాయిలకు దిగింది. జనరల్ మజ్దూర్, బదిలీ వర్కర్, మైనింగ్ సర్దార్, హాజిరి. ఇవన్నీ ఎక్కడి మాటలు? తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన మాదిగ, మాల, గొల్ల, పద్మశాలి మజ్దూర్లు కూడా రోజూ ఈ ఉర్దూ లఫ్జ్‌లే మాట్లాడుకుంట పని చేసిన్రు. ఉర్దూ అంటే ముసల్మాన్ల జబాన్ అనేవాళ్లను ఒకసారి పొద్దటి షిఫ్టుకు లాంప్ రూమ్ దగ్గర నిలబెట్టాలె.

సరే, అసలు సంగతికి వస్త.

1920లో, అంటే మన కంపెనీకి కొత్త పేరు పెట్టిన అదే సాల్‌లో, ఇంగ్లండ్‌లో మైనింగ్ ఇండస్ట్రీ యాక్ట్ వచ్చింది. తవ్విన ప్రతి టన్ను బొగ్గు మీద యజమానులు ఒక పెన్నీ కట్టాలె అని అందులో రాసిన్రు. ఆ పైసలతో మైనర్స్ వెల్ఫేర్ ఫండ్ ఏర్పడింది. దానితోనే బ్రిటన్ బొగ్గు ఊర్లలో ఆటమైదాన్లు, కుతుబ్‌ఖానాలు, హాళ్లు, ఈతకొలన్లు లేచినయ్. ఇప్పటికీ అక్కడి ఎన్నో పల్లెల్లో ఊరి పార్కును ‘వెల్ఫేర్’ అనే పిలుస్తరు. బాయిలు మూతపడి పదుల ఏండ్లయినా ఆ మైదాన్లలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతనే ఉన్నరు.

ఒక టన్నుకు ఒక పెన్నీ. గమనించండి, అది ఖైరాత్ కాదు. యజమాని రహమ్ మీద వదిలిపెట్టలేదు, ఖానూన్‌తో గుంజి తీసుకున్నరు.

హిందుస్తాన్‌లో అట్లాంటిది 1944లో ఆర్డినెన్సుగా వచ్చి, 1947లో కోల్ మైన్స్ లేబర్ వెల్ఫేర్ ఫండ్ యాక్ట్ అయింది. టన్నుకు ఇన్ని అణాలు అని సెస్సు. ఇండ్లు, దవాఖానాలు, తాగునీళ్లు, తాలీమ్, ఖేల్‌కూద్ అన్నీ అందులో రాసిన్రు. హైదరాబాద్ రియాసత్ అప్పటికి వేరే రాజ్యం, పోలీస్ యాక్షన్ దాకా. తర్వాత ఆ ఖానూన్ 1986లో రద్దయింది, వెల్ఫేర్ పని కంపెనీల మీదనే పడ్డది. ఈ రద్దు గురించి మన దగ్గర పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. హక్కుగా ఉన్నది కంపెనీ ఇచ్చే సౌలత్ అయిపోయింది. ఈ రెండింటికి ఫరక్ ఏందో కిందికి పోయినంక చెప్త.

గోదావరిఖని సంగతి. ఇది 1960ల మొదట్లో అడవిని కొట్టి కట్టిన ఊరు. గోదావరి ఒడ్డున గని, అదే పేరు. ముందు బాయిలు వచ్చినయ్, తర్వాత మనుషులు, వాళ్ల తర్వాత గుడిసెలు, క్వార్టర్లు, మస్జిద్‌లు, మందిర్‌లు, చర్చిలు. బాయి నంబరే మొహల్లా పేరు అయింది. ఫైవింక్లయిన్, యైటింక్లయిన్ కాలనీ. 1989లో బొగ్గు తవ్వకానికి వందేండ్లు నిండినయని ఇంకో బస్తీకి సెంటినరీ కాలనీ అని పెట్టిన్రు. పక్కనే రామగుండం బీ థర్మల్ 1971లో వచ్చింది. ఎన్టీపీసీకి 1978లో మొరార్జీ దేశాయ్ బునియాద్ వేసిండు. ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీ 1980లో మొదలై 1999లో బందైంది, ఆ జాగలోనే ఇప్పుడు ఆర్‌ఎఫ్‌సీఎల్ నడుస్తున్నది. ఇన్ని సర్కారీ టౌన్‌షిప్‌లు ఒకే చోట ఉన్న ఊరు ఇది. ప్రతి టౌన్‌షిప్‌కు గోడ, గోడ లోపల చెట్లు, క్లబ్, మైదాన్.

సింగరేణిలో ఆటల ఇంతెజామ్ చూసేది ‘వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్’. డబ్ల్యూపీఎస్ అండ్ జీఏ అంటే అందరికీ తెలుసు. ఏరియాల మధ్య పోటీలు పెడతరు. కబడ్డీ, వాలీబాల్, ఫుట్‌బాల్, అథ్లెటిక్స్. కొత్తగూడెంలో ప్రకాశం స్టేడియం, గోదావరిఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఈ ఇలాఖాకు పెద్ద మైదాన్లు. మజ్దూర్లకు సీఈఆర్ క్లబ్బులు, అఫ్సర్లకు వాళ్ల క్లబ్బులు వేరే. నెహ్రూ స్టేడియంలో ఆగస్టు 15, జనవరి 26, సింగరేణి డే అన్నీ అయితయ్. మా బచ్‌పన్‌లో దాని మట్టి ట్రాక్ మీద ఫజర్ నమాజ్ తర్వాత బుజుర్గ్‌లు నడిచేటోళ్లు. నైట్ షిఫ్టు దిగినోళ్లు అటే వచ్చి గట్టు మీద కూర్చొని చాయ్ తాగేటోళ్లు. మా అబ్బా ట్రామర్. బొగ్గు టబ్బులు నెట్టి నెట్టి ఆయన భుజాలు రాయి లెక్క ఉండేవి. మోకాళ్లు మాత్రం నలభై అయిదేండ్లకే పోయినయ్. వాలీబాల్ చూడ్డానికి వచ్చేది గాని, ఆడింది నేను ఎన్నడూ చూడలేదు. ప్లే డే వస్తే బాయికే పోయిండు. ఇంట్ల ఆరుగురం మరి.

ఇక్కడ ఒక మాట చెప్పాలె. ఈ ఇలాఖాలో మాజూర్ అనేది దూరపు మాట కాదు. ‘అన్‌ఫిట్’ అనే లఫ్జ్ ఎంత బలమైందో బాయి ఊర్లల్ల పెరిగినోళ్లకే తెలుస్తది. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే నౌకరీ పోతది. పోయిన నౌకరీ కొడుక్కు వస్తది. ఒక జమానాలో అదే దస్తూర్, నడుమ కొన్నేండ్లు ఆగి, తెలంగాణ వచ్చినంక కారుణ్య నియామకాల పేరుతో మళ్లీ మొదలైంది. బాప్ బదన్ విరిగితేనే బేటాకు రోటీ. ఎన్ని ఇండ్లల్ల దువా కూడా ఉల్టా అయిందో, "యా అల్లా, బోర్డు అన్‌ఫిట్ రాయాలె" అని. గుండె జబ్బు, ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము, తెగిన వేళ్లు, విరిగిన నడుము. 2003 జూన్ 16న గోదావరిఖని సెవెన్ ఎల్‌ఈపీలో నీళ్లు ఉరికి వచ్చి 17 మంది మరణించిన్రు. షహీద్ అయినోళ్ల పేర్లు ఏటా యాది చేస్తరు. అంగం పోయి బతికి వచ్చినోళ్ల పేర్లు ఎక్కడా రాయరు. సాయంత్రం వాళ్లు ఎక్కడికి పోతరు? ఎక్కడ కూర్చుంటరు? ఏ పార్కు నక్షా గీసేటప్పుడు ఈ సవాల్ అడిగిన్రు?

ఈ సవాల్‌కు జవాబ్ వెదుకుతుంటే నాకు ఒక కిస్సా దొరికింది. అది మన బొగ్గుబాయిల కిస్సానే, కాకపోతే యూరప్‌ది. పారాలింపిక్స్‌కు బునియాద్ వేసిన డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ 1899లో జర్మనీలోని యహూదీ ఖాందాన్‌లో పుట్టిండు. 1917లో, ఇంకా డాక్టర్ చదువు చదవకముందే, క్యోనిగ్స్‌హ్యూట్టె అనే బొగ్గు ఊర్లో ప్రమాదాల దవాఖానాలో వాలంటీర్‌గా పని చేస్తుండు. అది ఇప్పుడు పోలండ్‌లో ఉంది. అక్కడికి వెన్నెముక విరిగిన ఒక జవాన్ కోల్ మైనర్‌ను తెచ్చిన్రు. ఇతను ఎట్లాగూ కొన్ని వారాలే బతుకుతడు, ఎక్కువ శ్రమ పడొద్దు అని పెద్ద డాక్టర్లు చెప్పిన్రు. మంచం చుట్టూ పర్దా కట్టి మూలకు తోసిన్రు. ఐదు వారాలకు ఆ జవాన్ మరణించిండు. ఆ ముఖం గుట్‌మన్ జిందగీలో మరిచిపోలేదు. నాజీల జుల్మ్‌కు 1939లో ఇంగ్లండ్‌కు పారిపోయిండు. జంగ్‌లో వెన్నెముక దెబ్బతిన్న సిపాయిల కోసం స్టోక్ మాండెవిల్ దవాఖానాలో వార్డు నడిపిండు. వీళ్లకు దవా ఒక్కటే చాలదు, ఆట కావాలె అన్నడు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, వీల్‌చైర్లో ఉన్న 16 మందితో బాణాల పోటీ పెట్టిండు. 1960లో రోమ్‌లో దాదాపు 400 మంది మాజూర్ ఖిలాడీలు ఆడిన్రు. అదే పారాలింపిక్స్ అయింది.

అంటే ప్రపంచంలోని ఈ ఖేల్ అంతటికీ మొదట్లో ఒక బాయి మజ్దూర్ ఉన్నడు. పర్దా వెనక పడుకోబెట్టిన, పేరు కూడా మనకు చేరని మజ్దూర్.

పిల్లల మైదాన్ల సంగతి ఇంకా ఆలస్యంగా కదిలింది. లండన్ చెల్సీలో మాజూర్ పిల్లల కోసం అడ్వెంచర్ ప్లేగ్రౌండ్ 1970లో తెరిచిన్రు, దాని వెనక లేడీ అలెన్ అనే తోటల నక్షాలు గీసే బేగమ్ ఉంది. మన వైపు చూస్తే, బెంగళూరులో కిలికిలి అనే తల్లిదండ్రుల సంస్థ పార్కుల్లో అందరు పిల్లలూ కలిసి ఆడే జాగలు చేయించింది. తెలుగు నేల మీద విశాఖపట్నంలో ఆర్కే బీచ్ దగ్గర స్మార్ట్ సిటీ సొమ్ముతో ‘ఆల్ ఎబిలిటీస్ పార్క్’ వచ్చింది. దాని ఫొటోలు చూసి మా ఆపా రెండు రోజులు ఆ ఫోన్ చేతిలోంచి కింద పెట్టలేదు.

ఆపా కొడుకు, నా భాంజా, తొమ్మిదేండ్లవాడు. పుట్టుకతోనే సెరెబ్రల్ పాల్సీ. జెహన్ తేజ్. క్రికెట్ స్కోర్లు అన్నీ జబాన్ మీదే. కాళ్లే మాట వినవు. ఒకసారి ఒక పార్కుకు తీసుకపోయినం, ఏ ఊరో చెప్పను. గేటు దగ్గర పశువులు రాకుండ, మోటర్‌సైకిళ్లు రాకుండ తిరిగే ఇనుప గుంజ పెట్టిన్రు. పశువు రాదు, బండి రాదు, వీల్‌చైర్ కూడా రాదు. వాచ్‌మన్ మంచోడే, "ఎత్తుకొని రండి బాబూ" అన్నడు. ఎత్తుకపోయినం. లోపల ఊయల చుట్టూ ఇసుక. ఇసుకలో చక్రం దిగబడ్డది. భాంజా ఏమన్నడో తెలుసా? "మామూ, నేను అంపైర్ ఉంట" అన్నడు. గంటసేపు అంపైర్ ఉన్నడు. ఇంటికి వచ్చినంక రాత్రంతా ఏడ్చిండని ఆపా తర్వాత చెప్పింది.

అందరి మైదాన్ అంటే పెద్ద ఖర్చు అనుకుంటరు. సగం సంగతులు ఖర్చుకు సంబంధించినయే కావు. వీల్‌చైర్ దూరే వెడల్పు గేటు. 12 అడుగుల పొడవుకు 1 అడుగు కన్నా ఎక్కువ ఎక్కని ర్యాంపు, మన దేశం మార్గదర్శకాల్లో ఉన్న లెక్కే ఇది. ఇసుకకు బదులు గట్టి నేల, లేదా పడ్డా దెబ్బ తగలని రబ్బరు పరుపు. వీపుకు ఆనుకొనే, బెల్టు ఉన్న ఊయల. నడుము ఎత్తులో ఇసుక తొట్టి, కుర్చీలో కూర్చున్న పిల్ల కూడా చేయి పెట్టేటట్టు. చూపు లేని పిల్లలకు తాకితే మోగే గంటలు. ఆటిజం ఉన్న పిల్లలకు, అంతా ఎక్కువైనప్పుడు దాక్కునే నిశ్శబ్దమైన ఒక మూల. వీటన్నిటికన్నా ముఖ్యం, ఇవి వేరే ‘మాజూర్ కార్నర్’లో కాకుండా అందరి ఊయలల నడుమ ఉండాలె. వేరే పెడితే అది మళ్లీ గుట్‌మన్ చూసిన పర్దానే.

మన ఇలాఖాకు ఇంకో రెండు సంగతులు కలపాలె, విశాఖ నక్షాలో అవి ఉండవు. ఒకటి ఎండ. మే నెలలో రామగుండం 45 డిగ్రీలు దాటుతది. ఇనుప జారుడుబల్ల కాలుతది, రబ్బరు నేల కూడా కాలుతది. చెట్టు నీడ లేకుంటే ఆ మైదాన్ ఫజర్ తర్వాత గంట, మగ్రిబ్ తర్వాత రెండు గంటలే పనికొస్తది. అంటే లైట్లు కావాలె, నీళ్లు కావాలె. రెండోది ఓపెన్‌కాస్టు. పగలు బ్లాస్టింగ్ అయితే దగ్గరి బస్తీల గోడలు అదురుతయ్. మనం అలవాటు పడ్డం. ఆటిజం ఉన్న పిల్లకు ఆ చప్పుడు ఖయామత్. బ్లాస్టింగ్ టైమ్ పార్కు గేటు మీద బోర్డు రాస్తే ఆ అమ్మీ ఆ టైమ్‌లో పిల్లను తీసుకరాదు. ఒక బోర్డు, ఒక డబ్బా పెయింట్, అంతే.

అమ్మాయిల మాట కూడా చెప్పకుండ పోతే ఇన్సాఫ్ కాదు. మన ఇండ్లల్ల లడ్కీలు పదేండ్లు దాటితే మైదాన్ వైపు పోవద్దంటం. నిజామాబాద్ నిఖత్ జరీన్‌ను చూడండి. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో వరల్డ్ ఛాంపియన్. అబ్బానే ఆమెకు మొదటి ఉస్తాద్. ఆమె మొదలు పెట్టిన రోజుల్లో మాటలు అన్నోళ్లే తర్వాత సెల్ఫీలకు లైన్ కట్టిన్రు. వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల జీవాంజి దీప్తి, జెహనీ మాజూరీ ఉన్న అథ్లెట్, 2024లో కోబేలో 400 మీటర్లు 55.07 సెకండ్లలో పరుగెత్తి వరల్డ్ రికార్డ్ పెట్టింది, అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. చిన్నప్పుడు ఊర్లో ఆమెను ఏమేమి అన్నరో రాయడానికి నాకు కలం రాదు. మన హదీసుల్లో రసూల్ (స) ఆయిషా బీబీతో పరుగు పందెం పెట్టుకున్న సంగతి అందరికీ తెలిసిందే. దాన్ని జుమా బయాన్‌లో చెప్పే మౌలానాలు ఎంతమంది ఉన్నరో మీరే లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు ఆ ఫరక్ సంగతి. సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష దాటిన మజ్దూర్లు ఇప్పుడు 40 వేల దగ్గరికి వచ్చిన్రు. కంపెనీ మనిషి కాని కుటుంబాలే ఊర్లో ఎక్కువ. కాంట్రాక్ట్ కామ్‌గార్లు, ఆటోవాలాలు, వీఆర్‌ఎస్ తీసుకున్నోళ్లు, చిన్న దుకాణందార్లు. కంపెనీ వెల్ఫేర్ కంపెనీ మనుషులకు సౌలత్. వీళ్లకు? 2009లో రామగుండం మున్సిపల్ కార్పొరేషన్ అయింది. 2022లో తెలంగాణ క్రీడా ప్రాంగణాల స్కీమ్ వచ్చి వార్డుల్లో వాలీబాల్ కోర్టు, ఖోఖో, లాంగ్‌జంప్ గుంట పెట్టిన్రు. మంచిదే. అయితే ఆ స్కీమ్ నడిచే కాళ్లను చూసి గీసింది.

ఇక్కడే పాత పెన్నీ మళ్లీ వస్తది, వేరే పేరుతో. 2015లో గనుల చట్టం మార్చి ప్రతి జిల్లాలో జిల్లా ఖనిజ నిధి, డీఎంఎఫ్‌టీ పెట్టిన్రు. బొగ్గు రాయల్టీ ధర మీద 14 శాతం. పాత లీజులకు ఆ రాయల్టీలో 30 శాతం అదనంగా ఈ నిధికి పోవాలె. హిసాబ్ చేయండి. 100 రూపాయల బొగ్గు తవ్వితే 4 రూపాయల 20 పైసలు ఆ ఇలాఖా జనానిది. ఖర్చులో కనీసం 70 శాతం ముందు వరసలో పెట్టాలని కేంద్రం గైడ్‌లైన్స్‌లో రాసిన పనుల్లో తాగునీళ్లు, సేహత్, తాలీమ్‌తో పాటు ఔరతులు, పిల్లలు, బుజుర్గ్‌లు, మాజూర్ల సంక్షేమం అని సాఫ్‌గా ఉంది. 2016 మాజూర్ల హక్కుల చట్టం 21 రకాల మాజూరీలను గుర్తించింది. ఆటలు, తఫ్రీహ్ కూడా హక్కే అన్నది. జనం వాడే ఇమారతులు అన్నీ, నియమాలు వచ్చిన ఐదేండ్లలో మాజూర్లకు అనువుగా చేయాలన్నది. నియమాలు 2017 జూన్‌లో వచ్చినయ్. లెక్క ప్రకారం ఆ గడువు 2022 జూన్‌కే ముగిసింది.

కాబట్టి పార్కు అడగడానికి ఎవరి ముందూ చెయ్యి చాచాల్సిన పని లేదు. దరఖాస్తులో "దయచేసి" అని రాసే ఆదత్ మనకు పోవాలె. గనుల విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ సభలు జరిగితే మన జమాత్ కమిటీలు ఖబరస్తాన్ జాగ, షాదీఖానా జాగ అడుగుతయ్. అవీ కావాలె. నేను పోయిన రెండు సభల్లోనూ ఆటమైదాన్ అడిగినోళ్లు లేరు. మాజూర్ పిల్లల తల్లి ఒక్కతి మైకు దగ్గరికి రాలేదు. ఎట్లా వస్తది? ఆ పిల్లను ఇంట్ల ఎవరి దగ్గర వదిలిపెట్టి రావాలె?

పాత హైదరాబాద్‌లో 1846లో నాటిన తోటకు బాగ్-ఎ-ఆమ్ అని పేరు. ఆమ్ అంటే అందరిది. ఆ పేరు నాకు ఇష్టం, మా దరఖాస్తు పైన అదే రాయాలనుకున్న. ఆపా వద్దన్నది, "కలెక్టర్ ఆఫీసులో ఎవరికి అర్థమైతది, ‘అందరి ఆటస్థలం’ అని రాయి" అన్నది. రాసిన. కింద కావాల్సినయి వరుసగా పెట్టుకుంట పోయినం. నీడ, నీళ్లు, బాత్‌రూమ్, ర్యాంపు, బెల్టు ఊయల. గేటు వెడల్పు 90 సెంటీమీటర్లు అని రాసిన, వీల్‌చైర్‌కు అది చాలు.

ఆపా కాగితం గుంజుకొని చదివింది. "120 రాయి" అన్నది. "పక్కన ఒక దోస్త్ కూడా నడవాలె గదరా."